వాషింగ్టన్ క్రాసింగ్ పార్కుకి 12 మందిమి: బ్రిడ్జి, సైకిళ్ళు, భోజనాలు

ఎడిసన్‌వాసి: వచ్చే శనివారం న్యూజెర్సీలో టైటస్‌విల్ దగ్గర వాషింగ్టన్ క్రాసింగ్ స్టేట్ పార్కుకి వెళ్తున్నాం. 12 మందిలో ఇద్దరు వయసు పైబడ్డవాళ్ళు, నలుగురు పిల్లలు ఉన్నారు. సైకిళ్ళు, కయాక్, భోజనాలు ఒక్కరోజులో అవుతాయా? 15 సీట్ల వ్యాను మాట్లాడుతున్నాం, డెలవేర్ నది అవతల పెన్సిల్వేనియా ఒడ్డు కూడా చూడాలి.

గట్టుసైకిల్: 29వ నంబరు రోడ్డు మీద నడక వంతెన దాటితే కాలువ గట్టు వస్తుంది. అక్కడి నుంచి లాంబర్ట్‌విల్ దాకా దారి చదునే, పాత రైలు కట్ట మీద రాతిపొడి పరిచారు. టైరు 32 ఎంఎం కన్నా సన్నం వద్దు. వాన పడిన మర్నాడు ఆ పొడి ముద్దకట్టి చెయిన్‌కి పట్టేస్తుంది, ఇంటికి రాగానే తుడిచి నూనె వెయ్యాలి. నది అవతల పెన్సిల్వేనియా వైపు గట్టు మీద గుంతలు, చెట్ల వేళ్ళు ఎక్కువ, పిల్లల సైకిళ్ళకి పనికిరాదు.

లెక్కలమాస్టారు: వ్యాను సంగతి ఎవరూ పట్టించుకోరేం? పార్కు దగ్గర నది దాటించే వాషింగ్టన్ క్రాసింగ్ బ్రిడ్జి 1904 నాటిది. 3 టన్నులే పరిమితి, రోడ్డు వెడల్పు 15 అడుగులు. 15 సీట్ల వ్యాను మనుషులెక్కితే ఆ బరువు దాటుతుంది. 295 హైవే మీద స్కడర్ ఫాల్స్ వంతెన ఎక్కండి. పెన్సిల్వేనియా వైపు వెళ్ళేటప్పుడే టోల్, ఈజీపాస్ (టోల్ దానంతటదే కట్టే పరికరం) లేకపోతే బిల్లు ఇంటికొస్తుంది.

సియెన్నా8: అనవసరంగా భయపెట్టకండి. 3 టన్నులంటే 3,000 కిలోలు, ఏ మినీవ్యానైనా హాయిగా వెళ్తుంది.

లెక్కలమాస్టారు: అమెరికా బోర్డు మీద టన్ను అంటే 2,000 పౌండ్లు, 907 కిలోలు. పరిమితి 6,000 పౌండ్లే. సియెన్నా మినీవ్యాను ఖాళీ బరువు సుమారు 4,700 పౌండ్లు. ఎనిమిది మంది పెద్దవాళ్ళు, మనిషికి 150 చొప్పున 1,200. ఇక మిగిలింది 100. కూలరూ, సైకిళ్ళూ ఎక్కించాక మీరే కూడుకోండి.

సియెన్నా8: రోజూ వందల కార్లు వెళ్తున్నాయి, అందరూ తూకం వేయించుకుని వస్తున్నారా?

లెక్కలమాస్టారు: అందరూ చేస్తే తప్పు ఒప్పైపోదు. తెలియకపోతే అడగండి, తెలియని సలహా మాత్రం ఇవ్వకండి.

నదిగాలి: ఇద్దరూ ఆపండి. ఆ బ్రిడ్జి ఇరుకు, అసలు చిక్కు బండి పక్క అద్దాలు తగలడంతో. ఎదురుగా పెద్ద బండి వస్తే మెల్లగా, మీ లేన్‌లోనే పోనివ్వండి. సైకిలైతే పక్కన నడక దారిలో దిగి నడిపించాలి.

డర్హంపడవ: చరిత్ర గురించి ఒక్కరూ మాట్లాడరు, బాధగా ఉంది. స్వాతంత్ర్య యుద్ధంలో, 1776 డిసెంబరు 25 రాత్రి, జార్జ్ వాషింగ్టన్ సైనికులు 2,400 మంది ఈ నదిని ఇక్కడే దాటారు. మనుషులు ఇనప ఖనిజం మోసే డర్హం పడవల్లో వచ్చారు. గుర్రాలు, ఫిరంగులు మాత్రం బల్లకట్ల మీద దాటాయి, బొమ్మల్లో చూపించేది నమ్మకండి. దిగిన చోట జాన్సన్ ఫెర్రీ హౌస్ ఉంది. అక్కడి నుంచి వాళ్ళు నడిచిన కాంటినెంటల్ లేన్ మీద పిల్లల్ని తప్పకుండా నడిపించండి.

వనభోజనం: పార్కులో చెత్తడబ్బాలు ఉండవు, తెచ్చింది తీసుకుపోవాల్సిందే. బిర్యానీ ట్రేలకి మందపాటి సంచులు నాలుగు పెట్టుకోండి, ఒకటి పూర్తిగా ఎముకలకే. మూతి బిగించకపోతే దారంతా డిక్కీలో నూనె కారుతుంది. న్యూజెర్సీ స్టేట్ పార్కుల్లో మద్యం నిషేధం, బీరు కూడా.

నదిగాలి: కయాక్ అంటున్నారు కాబట్టి: లాంబర్ట్‌విల్ ర్యాంపు దగ్గర దించకండి. దానికి దిగువన రెండొడ్ల నుంచీ రాతి అడ్డుకట్టలుంటాయి, నది మొత్తం మధ్య సందులోంచి దూకుతుంది. కొత్తవాళ్ళు అక్కడ బోల్తా పడతారు. అడ్డుకట్ట దాటాకే నీళ్ళలో దించండి. నీళ్ళు బురదరంగులో దుంగలు మోసుకొస్తుంటే ఆ రోజుకి మానుకోండి.

గట్టుసైకిల్: గడ్డిలో జింక పేలు (డీర్ టిక్స్, ఒంటికి పట్టి రక్తం తాగే పురుగులు) ఉంటాయి. బట్టలకి ముందురోజే పెర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టి ఆరనివ్వండి, చర్మానికి వద్దు. సాయంత్రం మోకాలి వెనక, నడుం పట్టీ దగ్గర, చెవి వెనక వెతకండి. కరిచి ఉంటే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం చెయ్యకండి.

ఎడిసన్‌వాసి: వ్యాను మానేశాం, రెండు కార్లు. పెద్దవాళ్ళు బోమన్స్ హిల్ టవర్ ఎక్కగలరా?

డర్హంపడవ: 125 అడుగుల టవర్, లిఫ్టు ఉంది. దిగాక పై మెట్లు మాత్రం ఇరుకు, మోకాళ్ళ నొప్పులుంటే కిందే కూర్చోబెట్టండి. అది పెన్సిల్వేనియాలో న్యూ హోప్ వైపు ఉంది, స్కడర్ ఫాల్స్ మీదుగానే వెళ్ళండి.