వైద్యసేవ సొమ్ము ప్రైవేటు ఆసుపత్రులకు ఆపేసి పెద్దాసుపత్రికి పెడితే తప్పేంది?

ఎమ్మిగనూరు మగ్గం

సూటిగా అడుగుతాన్నా, కొందరికి కోపం రావచ్చు. ఎన్టీఆర్ వైద్య సేవ (మన నోట్లో ఇప్పటికీ ఆరోగ్యశ్రీయే) కింద ప్రైవేటు ఆసుపత్రులకు పోయే సొమ్మంతా ఆపేసి, కర్నూలు పెద్దాసుపత్రికి, అనంతపురం సర్వజనాసుపత్రికి, కడప రిమ్స్‌కు పెడితే తప్పేంది?

ఎందుకు అడుగుతాన్నానంటే, ఈ మధ్య మా పెదనాయనకు గుండెలో నొప్పి వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీ చూసి, 108 కోసం ఆగొద్దని తనే బండి పిలిచి కర్నూల్లో ఒక ఆసుపత్రికి పంపినాడు. పేరు వద్దులే. కార్డు చూపిస్తే "అప్రూవల్ వచ్చేదాకా మీరే కట్టుకోండి" అని పదైదు వేలు కట్టించుకున్నారు. స్టెంటు వేసినారు, మనిషి బాగుండాడు, అది కాదనను. డబ్బు వెనక్కి ఇయ్యమంటే మాత్రం "అవి ప్యాకేజీలోకి రాని టెస్టులు" అన్నారు. రసీదు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చినారు. ఆ కేసుకు ఆర్‌ఎంపీకి ఇంత అని ముట్టిందంట. ఆయనే చెప్పినాడు, దాచుకోలేదు కూడా. అందరూ ఇచ్చేదేలే అంటాడు.

నా వాదన ఇది. ప్రైవేటు ఆసుపత్రులు పోటీ పడేది వైద్యంలో కాదు, పేషెంటును ఎవరు ముందు పట్టుకుంటారనే దాంట్లో. ఆ పోటీకి మన పన్నుల సొమ్ము ఎందుకు పెట్టాల?

కడప కారం

పెట్టు సామీ, పెద్దాసుపత్రికే పెట్టు. లిఫ్టు పనిచేసిన రోజు నాకు కబురు చెయ్యి, నేనే వచ్చి కొబ్బరికాయ కొడతా.

చిన్న నర్సింగ్‌హోమ్

మగ్గం గారూ, మీ పెదనాన్నగారి దగ్గర డబ్బు కట్టించుకోవడం తప్పే, దాన్ని నేను వెనకేసుకురాను. ప్యాకేజీ అంటే పరీక్షలు, మందులు, భోజనం, ఇంటికి వెళ్లే దారిఖర్చు, డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులతో సహా. "ప్యాకేజీలోకి రాని టెస్టు" అని ఎవరైనా అంటే అక్కడే ఉన్న వైద్యమిత్రను (ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే మనిషి) నిలదీయండి, 104కు ఫోన్ చేయండి.

అయితే మీరు ఆపేయమంటున్న సొమ్ము ఏం చేసిందో కూడా చూడండి. 2007 ఏప్రిల్ 1న ఈ పథకం ముందుగా మొదలైంది అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో. అంతకుముందు మన సీమలో గుండె ఆపరేషన్ అంటే హైదరాబాదు, బెంగళూరు, వేలూరు. పొలం అమ్మి వెళ్లేవాళ్లు వెళ్లేవారు, లేనివాళ్లు ఇంట్లోనే పోయేవారు. ఈరోజు కర్నూల్లో స్టెంటు వేసే ఆసుపత్రులు ఇన్ని ఉన్నాయంటే ఆ పథకం డబ్బు వస్తుందన్న ధైర్యంతోనే పెట్టారు. సర్కారు తనంతట తాను కట్టి ఉంటే ఇంకో ఇరవై ఏళ్లు పట్టేది.

ఇక లాభం సంగతి. మాది చిన్న ఆసుపత్రి. నర్సుల జీతాలు ఒకటో తేదీన ఇవ్వాలి, పథకం నడిపే ట్రస్టు నుంచి బిల్లు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. బకాయిలు వేల కోట్లకు చేరాయని 2025 అక్టోబరులో నెట్‌వర్క్ (పథకంలో చేరిన ప్రైవేటు) ఆసుపత్రులు సేవలు ఆపేశాయి కదా, అప్పుడు మమ్మల్ని రాక్షసులన్నారు. నెలల తరబడి మా డబ్బుతో సర్కారు పథకం నడిపినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. బకాయి పెట్టి నడిపితే నష్టపోయేది మాలాంటి చిన్నవాళ్లే. పెద్ద కార్పొరేట్ గొలుసులు తట్టుకుంటాయి, తర్వాత మమ్మల్ని కొనేస్తాయి.

బుధవారపేట అక్క

నేను పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. డాక్టరుగారు బకాయిల గురించి చెప్పింది నిజమే. కానీ ఆయన చెప్పనిది ఒకటుంది.

కర్నూలు మెడికల్ కాలేజీ 1956లో పెట్టారు. అప్పటి నుంచి ఈ ఆసుపత్రి కర్నూలుది మాత్రమే కాదు. గద్వాల వాళ్లు, రాయచూరు వాళ్లు, బళ్లారి వాళ్లు అందరూ మా గేటు దగ్గరికే. ఒక మంచం మీద ఇద్దరిని పడుకోబెట్టిన రోజులున్నాయి. ఆ రద్దీలో రాత్రి పదింటికి ఒక అంబులెన్సు వచ్చి ఆగుతుంది. లోపల ట్యూబు వేసిన మనిషి. ప్రైవేటులో వారం ఉన్నాడు, ప్యాకేజీ అయిపోయింది, ఇంటివాళ్ల దగ్గర డబ్బూ అయిపోయింది. "హయ్యర్ సెంటర్‌కు తీసుకెళ్లండి" అని రాసి పంపించేశారు. తెల్లారేసరికి మా వార్డులో పోతాడు. లెక్క మా ఖాతాలో. "పెద్దాసుపత్రికి పోతే చచ్చిపోతారు" అని ఊళ్లో మాట. ఆ మాట విని ఇంకొకడు ప్రైవేటుకు పోతాడు.

మా దగ్గర అంతా బంగారమని నేను అనను. బిడ్డ పుడితే మగబిడ్డకు ఇంత, ఆడబిడ్డకు ఇంత అని చేయి చాపినవాళ్లను నేనే తిట్టాను, నేనే ఊరుకున్నాను కూడా. మధ్యాహ్నం కాగానే సొంత క్లినిక్‌కు పరిగెత్తే పెద్ద డాక్టర్లనూ చూశాను. ఆశ ఒక గోడకు ఇవతలే ఉంటుందని ఎవరన్నారు?

సర్కారు ఆసుపత్రికి కూడా ఈ పథకం ప్యాకేజీ డబ్బు వస్తుందని చాలామందికి తెలియదు. అందులో కొంత వాటా ఆపరేషన్ చేసిన డాక్టర్లకు, సిబ్బందికి ఇస్తారు. ఆ డబ్బు సమయానికి వచ్చిన రోజుల్లో ఎముకల విభాగం ఎంత చురుగ్గా పనిచేసేదో నేను కళ్లారా చూశాను. కాబట్టి మగ్గం తమ్ముడూ, ప్రైవేటుకు ఆపడం సంగతి తర్వాత, ముందు మా ఆసుపత్రికి రావలసిందైనా సక్రమంగా ఇవ్వమని అడుగు.

కోసిగి కుర్రోడు

అక్కా, మీరంతా కర్నూలు గురించే మాట్లాడుతాండారు. మా ఊర్లనుంచి కర్నూలు యాడుందో తెల్సా? ఆదోనినుంచే వంద కిలోమీటర్లు. సంకురాత్రి అయితానే సగం ఊరు గుంటూరు సైడు మిరప కోతకు పోతాది. ఆడ జ్వరమొస్తే ఆడనే ఏదో ప్రైవేటు, కూలి డబ్బులు ఆడనే అయిపోతాయి. ఆదోనిలో మెడికల్ కాలేజీ అన్నారు, గోడలు లేసినాయి, ఇప్పుడు పీపీపీ అంటాండారు, అంటే సర్కారుతో భాగస్వామ్యమని ప్రైవేటోళ్లకు ఇచ్చేది.

పులివెందుల రోడ్డు

దాని గురించే రాద్దామనుకుంటున్నా. గత ప్రభుత్వం 17 కొత్త కాలేజీలు మొదలుపెట్టింది. వాటిలో నంద్యాలతో కలిపి అయిదు 2023లో తెరుచుకున్నాయి. ఆదోని, పెనుకొండ, పులివెందులతో సహా పదింటిని పీపీపీలో ఇస్తామని ఈ ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. భూమి ప్రజలది, సగం కట్టిన గోడలు ప్రజలవి, ఫీజులు మాత్రం...

కడప కారం

సగం కట్టిన గోడలకు బిల్లులు ఎవరు పెండింగు పెట్టినారో కూడా రాయి అన్నా.

నిర్వాహకుడు

పార్టీల గొడవ ఇక్కడ వద్దు. ఈ రెండు పోస్టుల కింద వచ్చిన పదకొండు వ్యాఖ్యలు తీసేశాను. ఆసుపత్రుల గురించి రాయండి.

తాడిపత్రి ప్లీడరు

చట్టం లేకనే ఇలా జరుగుతోందని అనుకునేవాళ్ల కోసం. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కు మన రాష్ట్రంలో 2002 నుంచి చట్టం ఉంది. వైద్యుల ప్రవర్తనా నియమావళి కూడా 2002దే. పేషెంటును పంపినందుకు కమిషన్ ఇవ్వడం, తీసుకోవడం రెండూ అందులో నిషేధం. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

చిక్కంతా ఎక్కడంటే, ఆ నియమావళి మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరైన డాక్టరుకే వర్తిస్తుంది. ఇచ్చేవాడి పేరు రిజిస్టరులో ఉంటుంది కాబట్టి కొట్టేయవచ్చు. ఆర్‌ఎంపీ పేరు అసలు ఏ రిజిస్టరులోనూ లేదు, ఇంకేం కొట్టేస్తారు? ఇచ్చే డాక్టరు కూడా తన చేత్తో ఇవ్వడు. "మార్కెటింగ్" అని ఒక కుర్రాణ్ణి పెట్టుకుంటాడు, వాడు బైకు మీద ఊరూరా తిరిగి కవర్లు ఇస్తాడు. కాగితం ఉండదు, సాక్షి ఉండడు.

ధరలు కట్టడి చేస్తే సరిపోతుందన్నవాళ్లకు కూడా ఒక మాట. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంటుకు ధర కట్టింది. మామూలు లోహపుది 7,260 రూపాయలు, మందు పూసింది 29,600. అంతకుముందు లక్షకు పైగా వసూలు చేసిన వస్తువు అది. మంచిపనే. కానీ బిల్లులో స్టెంటు ఒక వరుస మాత్రమే. మిగతా వరుసలు ఎవరి చేతిలో ఉన్నాయి?

బుధవారపేట అక్క

ప్లీడరుగారు గుర్తు చేశారు. గర్భసంచి ఆపరేషన్లు! పథకం వచ్చిన కొత్తలో ముప్పై ఏళ్ల ఆడపిల్లలకు కూడా తీసేశారు. తెల్లబట్ట అవుతోందని పోతే "క్యాన్సరు అవుతుంది" అని భయపెట్టడం. ఆ గోల పెరిగాక 133 రకాల చికిత్సలను సర్కారు ఆసుపత్రులకే పరిమితం చేశారు. అంటే మగ్గం తమ్ముడు అడిగింది ఒకసారి కొంతమేర చేసి చూసిందే, కొత్తేం కాదు.

కాన్పుల సంగతీ అంతే. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటులో 63, సర్కారులో 27 లోపు. కడుపులో బిడ్డకు ఏ ఆసుపత్రో తెలియదు కదా, అంత తేడా ఎట్లా వస్తుంది? కష్టమైన కేసులు ప్రైవేటుకే పోతాయా అంటే, అవన్నీ రాత్రిపూట మా దగ్గరికే వచ్చేవి.

అయితే ముహూర్తం చూసుకుని వచ్చి "పదకొండున్నర లోపల కోసేయండి" అని డాక్టరమ్మ మీద కూర్చునే అత్తగార్లను కూడా ఇందులో కలపండి. ఆ పాపం అంతా డాక్టర్లదే కాదు.

ఆలూరు ఆర్‌ఎంపీ

నన్నే అంటాండారు కాబట్టి నేనే చెప్తా. రాత్రి రెండింటికి తేలు కుడితే తలుపు తట్టేది నా ఇల్లే. పీహెచ్‌సీ డాక్టరు సాయంత్రానికే బస్సెక్కుతాడు. నేను తీసుకునేది యాభై, అదీ పత్తి అమ్మినాక ఇస్తామంటారు, సగం మంది ఇయ్యరు. పేషెంటుతో పాటు బండిలో కూసొని కర్నూలుదాకా పోయి, ఆడ ఎవరితో మాట్లాడాలో తెలీని ముసలోళ్లకు చీటీ రాయించి, మర్సటి రోజు తిరిగొస్తా. నా రెండు రోజులు ఎవరిస్తారు? ఆశా వర్కరు గర్భిణిని సర్కారు ఆసుపత్రికి తీస్కపోతే సర్కారే డబ్బు ఇస్తాది. నేను తీస్కపోతే నేరమా?

బుధవారపేట అక్క

అన్నా, మీ కష్టం కాదనను. కానీ ఆశా ఎవరిని తీసుకొచ్చినా అదే డబ్బు, కాన్పు మామూలైనా కోతైనా అదే. మీకు ఇచ్చేది అట్లా కాదు. ఆపరేషన్ అయితే ఒక రేటు, మందులిచ్చి పంపితే ఇంకో రేటు. ఎక్కువ ఇచ్చేవాడి దగ్గరికే మీ బండి తిరుగుతుంది. కడుపునొప్పి వచ్చినవాడు కత్తి కిందికి పోవాలని మీరు కోరుకోకపోవచ్చు, ఆ ఏర్పాటు మాత్రం కోరుకుంటుంది.

ధర్మవరం పట్టు

మా జిల్లాలో రెండు ఆసుపత్రులున్నాయి, వాటి మాట ఎవరూ ఎత్తలేదు. పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ 1991 నుంచి నడుస్తోంది, అక్కడ గుండె ఆపరేషన్‌కు బిల్లు కౌంటరే లేదు. బత్తలపల్లిలో ఆర్‌డీటీ ఆసుపత్రి, 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన సంస్థది. కాన్పులకు చుట్టుపక్కల మండలాలన్నీ అక్కడికే.

చిన్న నర్సింగ్‌హోమ్

అవి విరాళాలతో నడిచేవి. నాకు విరాళాలు ఎవరిస్తారు? బ్యాంకు కిస్తీ ఇస్తుంది. ప్రైవేటు కాలేజీలో పీజీ సీటుకు కోట్లు కట్టి వచ్చిన కుర్ర డాక్టరును నేను జీతానికి పెట్టుకోవాలి. ఆ కోట్లు అతను ఎక్కడ రాబట్టుకుంటాడు? మీరు ఆసుపత్రిని తిడుతున్నారు, సీటు అమ్మిన చోటును వదిలేస్తున్నారు.

ధర్మవరం పట్టు

విరాళం అని తేల్చేయకండి సార్. కోస్తే ఎక్కువ, కోయకపోతే తక్కువ అనే లెక్క అక్కడి డాక్టరు జేబుకు లేదు, నేను చెప్పేది అది. ఆ లెక్క తీసేయడానికి విరాళం అక్కర్లేదు.

ఎమ్మిగనూరు మగ్గం

అక్క చెప్పిన దాంతో నాకు ఇంకా గట్టిగా అనిపిస్తాంది. గర్భసంచులకు చేయగలిగినప్పుడు మిగతావాటికి ఎందుకు చేయరు? ఇప్పుడేమో ఇంకో దారి పట్టినారు. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఒప్పుకున్న కొత్త పాలసీలో రెండున్నర లక్షల దాకా ఇన్సూరెన్సు కంపెనీ, ఆ పైన 25 లక్షల దాకా ట్రస్టు. ఇంతకుముందు ఆసుపత్రి, ఆర్‌ఎంపీ తినేవారు. ఇప్పుడు కంపెనీకి కూడా ఒక విస్తరి వేసినారు.

తాడిపత్రి ప్లీడరు

2007లో కూడా మొదలైంది ఇన్సూరెన్సు కంపెనీతోనే. తర్వాత ట్రస్టే నేరుగా చేసుకుంటే మేలని మార్చుకున్నారు. చుట్టూ తిరిగి అక్కడికే వచ్చాం. అయితే ఒకటి, తప్పుడు ఆపరేషన్లను పట్టుకోవడంలో కంపెనీకి ఉన్న శ్రద్ధ ట్రస్టుకు ఉండదు, ఎందుకంటే పోయేది కంపెనీ సొంత డబ్బు. నిజమైన కేసును తిప్పికొట్టడంలోనూ అదే శ్రద్ధ చూపిస్తుంది, అదీ గొడవ.

చిన్న నర్సింగ్‌హోమ్

ఒక్క మాట నిజాయితీగా చెబుతాను, స్నేహితులు తిట్టినా సరే. మేం కమిషన్ ఇస్తాం. ఇవ్వకూడదని రెండేళ్ల కింద మానేసి చూశాను. మూడు నెలల్లో సగం పడకలు ఖాళీ. పక్క వీధి ఆసుపత్రి నిండిపోయింది. అందరూ ఒకేసారి మానేస్తే నేను ఆ రోజే మానేస్తాను.

బుధవారపేట అక్క

ఖాళీగా ఉంటే కొన్ని మూసేయండి డాక్టరుగారూ. అన్ని పడకలు కావాలని ఊరు మిమ్మల్ని అడగలేదు.

చిన్న నర్సింగ్‌హోమ్

సరే. రేపే గేటు మీద బోర్డు పెడతాను, ఇక్కడ ఎవరికీ కమిషన్ ఇవ్వము, ఆ మేరకు పేషెంటు బిల్లులో తగ్గిస్తాము అని. ఆలూరు అన్నా, ఆ బోర్డు చూసి కూడా నాకు పేషెంటును పంపిస్తావా?

ఆలూరు ఆర్‌ఎంపీ

దగ్గరుంటే పంపిస్తా సార్. మాకు కర్నూలు కన్నా బళ్లారే దగ్గర. అక్కడోళ్లు ఇంగా బోర్డు పెట్టలేదు.