ఆన్‌లైన్ క్లాసుల బ్యాచ్: మార్కులు నిజమా, చదువు నిజమా?

ఒంగోలు నాన్న:
2020 మార్చిలో కాలేజీలు మూసేసేటప్పటికి మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. ఫోన్లో క్లాసులు మొదలయ్యాక మార్కులు తగ్గలేదు సరికదా, పెరిగాయి. మరి ఆ బ్యాచ్‌కి చదువు రాలేదని ఎందుకంటారు?

కావలి కెమిస్ట్రీ:
పెరగడంలో వింత లేదండి. పరీక్ష పెట్టలేని చోట కింది సెమిస్టర్ల వాళ్లకు సగం ఇంటర్నల్స్ నుంచి, సగం ముందు సెమిస్టర్ నుంచి మార్కులు లెక్కగట్టొచ్చని 2020 ఏప్రిల్లో యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీయే చెప్పింది. అలా వచ్చిన మార్కుతో చదువును ఎట్లా కొలుస్తాం?

2021 మొదట్లో పిల్లలు ల్యాబ్‌కి వచ్చారు. పర్మాంగనేట్ టైట్రేషన్, అంటే ఊదా రంగు ద్రావణాన్ని ఫ్లాస్కులోకి చుక్క చుక్కగా వదిలి, రంగు మారే చోటుని బట్టి లెక్క తేల్చే ప్రయోగం. ఒకబ్బాయి సమీకరణం గడగడా చెప్పేశాడు. బ్యూరెట్ (ద్రావణం వదిలే సన్నని గాజు గొట్టం) కొళాయి పట్టుకున్నాక చెయ్యి వణికింది. లేత గులాబీ రంగు నిలబడ్డ చుక్క దగ్గర ఆపెయ్యాలి. వాడు ఆపేసరికి ఫ్లాస్కు మొత్తం ఊదా. 'వీడియోలో ఇంత తొందరగా మారలేదు సార్' అన్నాడు పాపం.

నెల్లూరు బీటెక్:
సార్, అన్ని సబ్జెక్టులకీ బ్యూరెట్ ఉండదు కదా. స్పెయిన్‌లో మాడ్రిడ్ అటానమస్ యూనివర్సిటీ వాళ్లు లాక్‌డౌన్ బ్యాచ్‌ని అంతకుముందు బ్యాచ్‌లతో పోల్చి మొత్తం 458 మంది విద్యార్థుల్ని చూస్తే, లాక్‌డౌన్ వాళ్ల ఫలితాలు మెరుగయ్యాయి. రోజూ కొంచెం కొంచెం చదివే అలవాటు పడిందని వాళ్ల లెక్క. నాకూ అంతే. ఆత్మకూరు నుంచి బస్సులో రానూపోనూ పోయే మూడు గంటలు మిగిలాయి. అర్థం కాని పాఠం రికార్డింగ్ మూడుసార్లు విన్నా. క్లాసులో మూడోసారి అడిగితే ఊరుకుంటారా?

ఉదయగిరి కొండ:
అన్నా, మీ ఇంట్లో నెట్ ఉంది, సరిపోయింది. మా పల్లెలో సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు మెట్లెక్కాలి. ఇంట్లో ఒకటే ఫోను, చెల్లి ఇంటర్ క్లాసులు కూడా దాంట్లోనే. రోజుకొచ్చే ఒకటిన్నర జీబీ మధ్యాహ్నానికే చెల్లు. చివరికి లాగిన్ అయి, ఫోను జేబులో వేసుకుని, నిమ్మతోటలో కాయలు కోసేవాణ్ణి. హాజరు మాత్రం నూటికి నూరు! తర్వాత హాల్లో కూర్చుని రాసిన మొదటి పరీక్షలో రెండు సబ్జెక్టులు పోయాయి. మాడ్రిడ్‌లో నిమ్మతోటలు ఉంటాయేమో గానీ, ఆ 458 మందిలో నాలాంటివాడు ఉన్నాడంటే నమ్మను.

కావలి కెమిస్ట్రీ:
తమ్ముడూ, అట్లా నూటికి నూరు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. స్క్రీన్ మీద అరవై పేర్లు కనపడేవి, ఒక్క మొహం కనపడేది కాదు. పాఠం ఎవరికి చెబుతున్నానో తెలిసేది కాదు.

బీటెక్ బాబు చెప్పిన రికార్డింగ్ మాట మాత్రం ఒప్పుకుంటా. కష్టమైన పాఠాలు ఇప్పటికీ ఫోన్లో తీసి గ్రూపులో పెడుతున్నా. ల్యాబ్‌కి అది పనికిరాలేదు. ఆ ఏడాది శనివారాలు అదనంగా పిలిచి, రసాయనాలు ముట్టనివ్వకుండా ముందు ఉత్త నీళ్లతో చుక్క చుక్క వదలడం నేర్పించాను. మూడో శనివారానికి గానీ ఆ అబ్బాయి చెయ్యి కుదురుకోలేదు.