కాల్చిన నిమ్మకాయల షర్బత్: చేదు రాకుండా ఎలా చేయాలి?

ప్రశ్న:
నిమ్మకాయలను సగానికి కోసి, గ్రిల్ మీద కాల్చి షర్బత్ చేస్తే లేత పొగవాసనతో ఎంతో బాగుంటుంది. అయితే తాగిన తరువాత నాలుక మీద కొంత చేదు మిగులుతున్నది. కాల్చడంలో ఏమి మార్చాలో, పంచదార ఎప్పుడు కలపాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
చేదు ప్రధానంగా మాడిన అంచుల నుండి, తొక్క లోపలి తెల్లటి పొర నుండి వస్తుంది. అందువల్ల గ్రిల్ బాగా వేడెక్కిన తరువాత కోసిన వైపును మాత్రమే 3 లేదా 4 నిమిషాలు ఆనించి, గోధుమరంగు గీతలు పడగానే తీసివేయండి. నిమ్మలో సహజంగా చక్కెర తక్కువ కనుక, ముందుగా ఆ వైపును పంచదారలో అద్దితే రంగు త్వరగా వస్తుంది, కాయను ఎక్కువసేపు ఉంచవలసిన అవసరం ఉండదు. గింజలు తీసివేసి, కాయలు చల్లారాక మృదువుగా పిండండి. వేడికి గుజ్జు మెత్తబడి ఉంటుంది కాబట్టి బలం అక్కరలేదు.

జవాబు 2:
పంచదార చల్లటి నీటిలో నెమ్మదిగా కరుగుతుంది. ముప్పావు కప్పు పంచదారను అంతే నీటిలో వేడిచేసి, చల్లార్చి, 6 పెద్ద కాయల రసంలోనూ 4 కప్పుల నీటిలోనూ కలపండి. కాల్చిన నారింజ ఒకటి చేర్చితే పులుపు తగ్గుతుంది.

జవాబు 3:
కాయలన్నింటినీ కాల్చవద్దని నా దృఢమైన అభిప్రాయం. వేడికి సువాసననిచ్చే నూనెలు ఆవిరవుతాయి, విటమిన్ సి కూడా కొంత నశిస్తుంది. చివరిలో ఒక పచ్చి కాయ రసం పిండితే ఆ తాజాదనం తిరిగి వస్తుంది.