తణుకులో కొత్త రిపేర్ షాపు: మొదట్లోనే బీజీఏ మెషిన్ కొనాలా?

తణుకు_సిస్టమ్స్:
అందరికీ నమస్కారం. వచ్చే నెల తణుకులో కంప్యూటర్, లాప్‌టాప్ రిపేర్ షాపు తెరుస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక సర్వీస్ సెంటర్‌లో పనిచేశాను. కార్డ్ లెవెల్ (పాడైన పార్టు మొత్తం మార్చే) పనంతా వచ్చు, చిప్ లెవెల్ (బోర్డునే బాగుచేసే) కోర్సు కూడా చేశాను. అడ్వాన్సు, ర్యాకులు, వైరింగ్ పోను చేతిలో లక్షన్నర మిగిలింది. మూసేస్తున్న షాపువాళ్లు బీజీఏ రీవర్క్ మెషిన్‌ని (కింద సోల్డర్ బాల్స్‌తో బోర్డుకి అతికే చిప్‌లని వేడిచేసి తీసి, మళ్లీ పెట్టేది) 80 వేలకి ఇస్తామంటున్నారు. అది తీసుకుంటే మిగతా సామాన్లకి 70 వేలే ఉంటాయి. తీసుకోనా, వద్దా?

సీటీసీ_మూడో_అంతస్తు:
వద్దు. ఆ మెషిన్ రోజులు అయిపోయాయి. 2008 ప్రాంతంలో ఎన్విడియా జీ84, జీ86 గ్రాఫిక్స్ చిప్‌లు కుప్పలుగా పోయేవి. ఆ కంపెనీయే ఆ ఏడాది జులైలో వాటికోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఊరూరా రీబాలింగ్, అంటే చిప్ తీసి కింది సోల్డర్ బాల్స్ మార్చడం, మొదలైంది అప్పుడే. నిజానికి ఆ లోపం చిప్ లోపలి బంప్‌లది (సన్నని సోల్డర్ అతుకులు), కింద ఉండే బాల్స్‌ది కాదు. వేడి తగిలితే కొన్నాళ్లు పనిచేసేది, తర్వాత అదే లాప్‌టాప్ మళ్లీ టేబుల్ మీదికి వచ్చేది. బాల్స్ మార్చడం వల్లే బాగుపడిందని చాలామంది ఇప్పటికీ నమ్ముతారు.

ఇప్పుడు వచ్చే బోర్డు పని వేరు. పవర్ సెక్షన్‌లో షార్ట్, చార్జింగ్ ఐసీ, విరిగిన టైప్ సి పోర్టు, టీ ఒలికిన బోర్డు, బయోస్ (బోర్డుని స్టార్ట్ చేసే ప్రోగ్రామ్) కరప్ట్. వీటిలో ఒక్కదానికీ బీజీఏ అక్కర్లేదు. మంచి హాట్ ఎయిర్, సన్న మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్, మైక్రోస్కోప్, 30 వోల్టుల 5 ఆంపియర్ల డీసీ సప్లై చాలు.

కరీంనగర్_చిప్‌లెవెల్:
అన్నా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కూర్చుని చెప్పడం సులువే. మీకు బోర్డు చెడితే మెట్లు దిగి పక్కవాడికి ఇస్తారు. తణుకు తమ్ముడు విజయవాడకి పంపాలి. రానుపోను వారం. కస్టమర్ రోజూ ఫోన్. బోర్డు తిరిగొచ్చాక "మా ర్యామ్ మార్చేశారు" అని గొడవైతే మాట పడేది ఈయనే. గేమింగ్ లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ మెమరీ చిప్ మార్చాలంటే ఏం చేస్తారు? లెడ్ లేని సోల్డర్ కరగాలంటే 217 డిగ్రీలు దాటాలి. కింద నుంచి వేడి లేకుండా పైనుంచి గాలి కొడితే బోర్డు వంగుతుంది. "బోర్డు పని ఈ షాపులోనే అవుతుంది" అని ఊళ్లో పేరు పడితే పక్క ఊళ్ల షాపులవాళ్లు కూడా తెచ్చి ఇస్తారు. నాకు సగం పని అలా వచ్చేదే.

సీటీసీ_మూడో_అంతస్తు:
మెమరీ చిప్ సంగతి ఒప్పుకుంటాను. దానికి చిన్న ప్రీహీటర్ ప్లేట్, పైన హాట్ ఎయిర్ సరిపోతాయి. ప్రాసెసర్ పోతే మాత్రం మెషిన్ ఉన్నా లాభం లేదు. ఇప్పటి లాప్‌టాప్‌లలో అది బోర్డుకే అతికి ఉంటుంది. చిప్ తెచ్చి వేసే ఖర్చుకి పాత బోర్డే దొరుకుతుంది.

భీమవరం_లక్ష్మి:
మీరిద్దరూ బోర్డు దగ్గరే ఆగిపోయారు. కౌంటర్‌కి వచ్చేది ఏంటో చూడండి. మా దగ్గర రొయ్యల కంపెనీల ఆఫీసులు, రైస్ మిల్లుల ట్యాలీ సిస్టమ్‌లు, స్కూళ్లు. "స్లో అయిపోయింది మేడమ్" అని వచ్చేవాళ్లే ఎక్కువ. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో ఉచిత సపోర్టు ఆగిపోయింది కదా, ఆ పని కూడా తోడైంది. తర్వాత విరిగిన హింజ్, కీబోర్డు, ఉబ్బిన బ్యాటరీ.

కాబట్టి తమ్ముడూ, డబ్బు స్టాకులో పెట్టు. సాటా, ఎన్‌వీఎంఈ రెండు రకాల ఎస్ఎస్‌డీలు, డీడీఆర్4 ర్యామ్, ఎస్ఎంపీఎస్‌లు (డెస్క్‌టాప్ పవర్ సప్లైలు), మదర్‌బోర్డు మీద పెట్టే సీఆర్2032 సెల్స్. వీటితోపాటు అమ్మకానికి కాకుండా, పనిచేస్తాయని తెలిసినవి ఒక సెట్ విడిగా ఉంచుకో: ర్యామ్, ఎస్ఎంపీఎస్, అడాప్టర్, మానిటర్. ఫాల్ట్ ఎక్కడుందో తేల్చేది అదే. బ్యాటరీల కోసం ఒక బకెట్ ఇసుక. జాబ్ కార్డులో డేటా గురించి ఒక గడి పెట్టి, కస్టమర్‌తో సంతకం చేయించుకో. పెళ్లి ఫొటోలు పోతే ఏ మెషినూ తెచ్చివ్వదు.

తణుకు_సిస్టమ్స్:
థాంక్యూ మేడమ్. బయోస్ చిప్‌లో మళ్లీ రాయడానికి సీహెచ్341ఏ ప్రోగ్రామర్ చాలా? డీసీ సప్లై నిజంగా అంత అవసరమా, మల్టీమీటర్ ఉందిగా?

సీటీసీ_మూడో_అంతస్తు:
మల్టీమీటర్ చెప్పేది ఒకటి, సప్లై చెప్పేది ఒకటి. 19 వోల్టులు ఇచ్చి, పవర్ స్విచ్ నొక్కకముందే ఆంపియర్లు ఎగబాకితే మెయిన్ లైన్‌లో షార్ట్. అప్పుడు సప్లైని ఒక వోల్టుకి దించి ఆ లైన్‌లోకే ఇచ్చి, బోర్డు మీద ఐపీఏ (త్వరగా ఆరిపోయే ఆల్కహాల్) పూయి. ఎక్కడ ముందు ఆరితే అక్కడ చూడు. చాలాసార్లు ఒక చిన్న కెపాసిటర్ దొరుకుతుంది. థర్మల్ కెమెరా తర్వాత కొనుక్కోవచ్చు.

సీహెచ్341ఏ సరిపోతుంది కానీ దాంట్లో నల్లరంగు బోర్డు ఉన్న రకంతో జాగ్రత్త. చిప్‌కి 3.3 వోల్టులు ఇచ్చినా డేటా పిన్నుల మీద 5 వోల్టులు వదిలేవి ఉన్నాయి. 1.8 వోల్టుల చిప్‌లకి అడాప్టర్ తప్పనిసరి.

కరీంనగర్_చిప్‌లెవెల్:
సప్లై విషయంలో ఆయనతో గొడవ లేదు. మెషిన్ మీద మాత్రం నా మాట మారదు, కాకపోతే ఆరు నెలలు ఆగి కొను. ఆ పాతది చూడటానికి వెళ్తే పాడైన బోర్డు ఒకటి పట్టుకెళ్లు. నీ కళ్ల ముందే చిప్ తీయించి, మళ్లీ పెట్టించు. థర్మోకపుల్‌తో ఉష్ణోగ్రత చూపించమను. ఇంకోటి, మూడు హీటర్ల మెషిన్ 4, 5 కిలోవాట్లు లాగుతుంది. నీ మీటర్ లోడ్ ఎంత?

తణుకు_సిస్టమ్స్:
2 కిలోవాట్లు అన్నా. ఓనర్ లోడ్ పెంచడానికి ఒప్పుకోడు.

భీమవరం_లక్ష్మి:
అయితే ముందు ఎర్తింగ్ చెక్ చేయించు. పాత షాపుల్లో మూడో పిన్ ఉత్తదే ఉంటుంది. ఈఎస్‌డీ మ్యాట్ (స్టాటిక్ కరెంటు నుంచి బోర్డుని కాపాడేది) కొని దానికి తగిలించినా ఉపయోగం ఉండదు.