తొలి కాన్పుకు అమ్మాయిని ఢిల్లీ నుంచి అనంతపురానికి విమానంలో పిలుచుకొని రావచ్చునా?

ప్రశ్న (అనంతపురం నుంచి ఒక తండ్రి):

అందరికీ నమస్కారం. ఢిల్లీలో ఉంటున్న మా అమ్మాయికి ఇప్పుడు 27 వారాలు నిండాయి. రక్తపోటు, స్కానింగులు అన్నీ బాగానే ఉన్నాయని అక్కడి డాక్టరమ్మ చెప్పారు. తొలి కాన్పు కాబట్టి పుట్టింట్లోనే జరగాలని మా కోరిక. ఎనిమిదో నెలలో ప్రయాణం కూడదనీ, తొమ్మిదో నెల పడ్డాకే పిలుచుకొని వచ్చి సీమంతం చేయాలనీ మా అమ్మ పట్టుబడుతున్నది. విమానంలో బెంగళూరుకు వచ్చి అక్కడి నుంచి కారులో రావడమా, కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కి నేరుగా అనంతపురంలో దిగడమా అన్నది తేల్చుకోలేకున్నాము. పైకి పోయేకొద్దీ గాలి పలుచబడి బిడ్డకు ఊపిరి అందదేమోనన్న భయమూ ఇంట్లో ఉన్నది.

సమాధానం (కర్నూలు, ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైనవారు):

అయ్యా, ముందుగా నెలల లెక్క పక్కనపెట్టి వారాల లెక్క చూడండి. మన పెద్దలు తొమ్మిదో నెల పడిందనే సమయానికి చివరి నెలసరి నుంచి లెక్కిస్తే 35 వారాలు దాటుతాయి. ఒకే బిడ్డ ఉండి ఏ ఇబ్బందీ లేనివారికి కూడా 36 వారాల తర్వాత విమాన ప్రయాణం మంచిది కాదంటారు, కవలలైతే ఆ హద్దు 32 వారాలకే వస్తుంది. అందువల్ల మీ అమ్మగారి ముహూర్తానికి విమానం ఎక్కనిస్తారో లేదో కూడా అనుమానమే. ఈ ఏడో నెలలోనే పిలుచుకొని రండి, సీమంతం తొమ్మిదో నెలలో ఇంట్లోనే చేసుకోండి. ఎనిమిదో నెల ప్రయాణమూ తప్పుతుంది, పెద్దావిడ మాటా నిలుస్తుంది.

గాలి విషయానికి వస్తే, విమానం లోపలి గాలి ఒత్తిడి సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండమీద ఉండేటంత ఉంటుంది. కడుపులోని బిడ్డ రక్తానికి ఆక్సిజన్‌ను పట్టుకునే గుణం తల్లి రక్తానికన్నా ఎక్కువ కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి దీనివల్ల హాని ఉండదు. అయితే తల్లికి రక్తహీనత తీవ్రంగా ఉంటే సంగతి వేరు. మన వైపు ఆడపిల్లల్లో అది తరచుగా కనిపించేదే. రక్తపోటు బాగున్నదని రాశారు గాని హిమోగ్లోబిన్ ఎంతో రాయలేదు. టికెట్టు కొనకముందే ఆ పరీక్ష చేయించండి. మాయ (ప్లాసెంటా) గర్భసంచిలో కిందికి ఉన్నా, రక్తస్రావం కనిపించినా, నెలలు నిండకముందే నొప్పులు వచ్చే సూచన ఉన్నా ప్రయాణం మానుకోవలసిందే.

సమాధానం (గుంతకల్లు):

నా మట్టుకు రైలే మేలనిపిస్తుంది. గర్భిణులకు కింది బెర్తు కోటా ఉన్నది, కాళ్లు చాపుకొని పడుకోవచ్చు, అటూ ఇటూ నడవవచ్చు.

సమాధానం (కడప, ఏడో నెలలో విమానంలో పుట్టింటికి వచ్చిన ఒక తల్లి):

గుంతకల్లు అన్నగారి మాటలో నిజం లేకపోలేదు గాని, ఒకటిన్నర రోజు రైలులో ఉన్నప్పుడు దారి మధ్యలో రక్తస్రావమో నొప్పులో మొదలైతే మంచి ఆసుపత్రి ఉన్న స్టేషను వచ్చేదాకా చేయగలిగింది ఏమీ ఉండదు. విమానం మూడు గంటల లోపే బెంగళూరులో దింపుతుంది. అసలు అలసట ఆ తర్వాతిదే. విమానంలో కూర్చున్న సమయానికి కారులో మూడు గంటలకు పైగా కలిస్తే దాదాపు ఆరు గంటలు కాళ్లు వేలాడేసి కూర్చున్నట్లే. గర్భంతో ఉన్నప్పుడు పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు కన్నా ఎక్కువ. కాబట్టి దిగీ దిగగానే కారెక్కించకండి, కాసేపు నడిపించి, ఏదైనా తినిపించి బయలుదేరండి. బాగేపల్లి దగ్గర ఒకసారి, పెనుకొండ దగ్గర ఒకసారి ఆగితే చాలు. మందుల షాపులో కంప్రెషన్ స్టాకింగ్స్ (పిక్కలను బిగువుగా పట్టి ఉంచే మేజోళ్లు) అని అడిగితే ఇస్తారు, అవి అవసరమా, ఏ సైజు అన్నది డాక్టరును అడగండి.

సీటు నడవ పక్కన తీసుకోండి. అత్యవసర ద్వారం వరుసలో గర్భిణులను కూర్చోనివ్వరు. సీటుబెల్టును పొట్టమీదుగా కాక పొట్ట కింద, తుంటి ఎముకలకు ఆనేలా బిగించాలి. నేను చీర కుచ్చిళ్ల మీద పెట్టుకుంటే బెల్టు పైకి జారుతూనే ఉండేది, అమ్మాయిని చుడీదార్‌లో రమ్మనండి. లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి మరుగుదొడ్డికి లేవాలన్న బద్ధకంతో నీళ్లు తాగడం మానకూడదు. పైకి వెళ్లినప్పుడు కడుపులోని వాయువు ఉబ్బుతుంది కనుక ఆ పొద్దు అలసంద వడలు, సోడాలు వద్దు. ఉగ్గాని బజ్జీ ఇంటికొచ్చాక తినవచ్చు. తనిఖీ దగ్గరి మెటల్ డిటెక్టరు ద్వారం వల్ల బిడ్డకు ప్రమాదం లేదు.

డాక్టరు రాసిచ్చే ఫిట్ టు ఫ్లై సర్టిఫికెట్టులో వారాలు, కాన్పు తేదీ, ఒకే బిడ్డ అన్న మాట, ప్రయాణానికి అభ్యంతరం లేదన్న మాట ఉండాలి. ఏ వారం నుంచి అడుగుతారు, ఎన్ని రోజుల లోపు రాసినదై ఉండాలి అన్నవి కంపెనీని బట్టి మారతాయి. 27 వారాలకు అడగకపోవచ్చు గాని, పొట్ట పెద్దగా కనిపిస్తే కౌంటరు దగ్గర ప్రశ్నలు వస్తాయి, కాగితం ఉంటే మాట పెరగదు. స్కానింగు రిపోర్టులు, మందులు చేతిసంచిలోనే ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. సీమంతం ఇంట్లోనే చేద్దామంటే అమ్మ ఒప్పుకున్నది. ఇక్కడికి చేరిన తర్వాత వెంటనే చూసుకోవలసినది ఏమైనా ఉన్నదా?

సమాధానం (కర్నూలు):

రెండు కాళ్లూ కొద్దిగా వాచడం మామూలే. ఒక్క కాలే వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినా మరునాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. అవేవీ లేకపోయినా, వచ్చిన వారంలోపే కాన్పు చేయించదలచిన ఆసుపత్రిలో పాత రిపోర్టులు చూపించి పేరు రాయించండి.