మార్బుల్ క్వీన్ కుండీ మార్పు: పాత మట్టి కడిగేయాలా, ముద్దతో సహా దించాలా?

సీతమ్మధార బాల్కనీ, జూలై 12

మూడేళ్ల క్రితం వచ్చిన మార్బుల్ క్వీన్ మనీప్లాంటు మా తూర్పు బాల్కనీలో వేలాడుతోంది. తీగలు నేలకు జానెడు ఎత్తు వరకు దిగాయి. కడియం వైపు నుంచి లారీలో వచ్చిన మొక్క అని అమ్మినాయన చెప్పాడు. అప్పుడు నల్ల సంచి చింపి, వేళ్ల చుట్టూ ఉన్న మట్టి ముద్దను ఉన్నది ఉన్నట్టే ఆరంగుళాల ప్లాస్టిక్ కుండీలో పెట్టి, చుట్టూ కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు నింపాను.

ఇప్పుడు అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు బయటికి వచ్చాయి. నీళ్లు పోస్తే పోసినట్టే కిందికి కారిపోతున్నాయి, కుండీ మాత్రం తేలికగానే ఉంటోంది. కొత్త ఆకులు పాతవాటిలో సగం కూడా లేవు. తెలుపు ఎక్కువగా ఉన్న ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగాయి.

వానాకాలంలో వేరు కదపవద్దని మా అత్తగారు అంటున్నారు. పాత మట్టి రవ్వ కూడా లేకుండా కడిగి నాటమని పక్క ఫ్లాటు అక్క చెబుతోంది. మా అమ్మాయి మొదటి జీతంతో కొనిచ్చిన మొక్క ఇది. చేసి చూసినవారు చెప్పండి.

పెందుర్తి ఎర్రమన్ను, జూలై 12

కడగండి, సందేహం వద్దు. నేను పదకొండేళ్లు నర్సరీలో పనిచేశాను. సంచుల్లోకి బంకమన్నే ఎక్కువగా పోసేవాళ్లం. లారీలో ఎంత దూరం వెళ్లినా ముద్ద విడిపోకూడదు కదా. ప్రయాణానికి మంచిదే, కానీ ఇంట్లో ఏళ్ల తరబడి ఉండే మొక్కకు అది పనికిరాదు. ఒకసారి బాగా ఎండి బిగుసుకుందంటే చుట్టూ ఉన్న కొబ్బరి పొట్టులోంచి నీళ్లు జారిపోతాయి గానీ ముద్ద నడుముకు ఇంకవు. మీ కుండీ తేలికగా ఉండడానికి కారణం అదే. ఇప్పుడు ఆ ముద్దను అలాగే ఎనిమిదంగుళాల కుండీలో పెడితే, అదే జబ్బును పెద్ద ఇంటికి మార్చినట్టవుతుంది.

బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టండి. బంకమన్ను మెత్తబడి దానంతట అదే జారుతుంది. జూలైలో గాలిలో తేమ ఉంటుంది, ఎండ మబ్బు చాటున ఉంటుంది. కొమ్మ గుచ్చినా వేరు పట్టే కాలం ఇది.

మురళీనగర్ మేడతోట, జూలై 12

వద్దమ్మా, కడగవద్దు. నేను చేతులారా పోగొట్టుకున్నాను కాబట్టి చెబుతున్నాను. రెండేళ్ల క్రితం ఇదే జూలైలో, ఒకే తల్లి మొక్క నుంచి తీసిన రెండు మార్బుల్ క్వీన్‌లకు ఒకే రోజున కుండీలు మార్చాను. ఒకదాని వేళ్లు కడిగాను, రెండోదాన్ని ముద్దతో దించాను. కడిగినది వారానికి వాడిపోయింది. మూడు వారాలకు మొదలు మెత్తబడి, కాడ పట్టుకుంటే తోలు చేతికి వచ్చింది. ముద్దతో దించినది ఈ రోజుకూ మా మెట్ల పక్కన ఉంది.

వానాకాలంలో మట్టి ఆరదు. గాయపడిన వేరు ఆరని మట్టిలో కుళ్లుతుంది. నన్నడిగితే ఫిబ్రవరి వరకు ఆగండి. ఆగలేకపోతే ముద్దను కదపకుండా మార్చండి.

గాజువాక కొత్త మొక్క, జూలై 13

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. నేనూ ఇదే పనిలో ఉన్నాను. మట్టి వదులుగా ఉండాలంటే బీచ్ ఇసుక కలపవచ్చా? ఎర్రమన్ను కోసం భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగుదామనుకుంటున్నాను.

పెందుర్తి ఎర్రమన్ను, జూలై 13

రెండూ వద్దు బాబూ. బీచ్ ఇసుకలో ఉప్పు ఉంటుంది, అది వేరు కొనలను మాడుస్తుంది. ఏటి ఇసుక తెచ్చుకో. ఎర్రమట్టి దిబ్బల్లో పిడికెడు మన్ను కూడా తీయకూడదు. వేల ఏళ్లుగా గాలీ నీరూ కలిసి పేర్చిన దిబ్బలవి, దేశం భూవారసత్వ ప్రదేశంగా గుర్తించిన చోటు. పోయిన దిబ్బ మళ్లీ రాదు. తోటపని చేసేవాళ్లమే వాటిని తవ్వితే ఇంకెవరిని అడ్డుకోగలం? ఎర్రమన్ను ఏ నర్సరీలోనైనా బస్తా కొద్దీ దొరుకుతుంది.

ఎంవీపీ కాలనీ బోటనీ టీచరు, జూలై 13

మేడతోట గారూ, ఒక్క ప్రశ్న. ఆ రెండు మొక్కలనూ ఎంత కుండీల్లో పెట్టారు? అడుగున ఏం వేశారు?

మురళీనగర్ మేడతోట, జూలై 13

పన్నెండంగుళాల కుండీలు. మళ్లీ మళ్లీ మార్చే పని ఉండదని పెద్దవి తీసుకున్నాను. నీరు దిగాలని అడుగున రెండంగుళాల మందాన గులకరాళ్లు వేశాను. రెండింటికీ ఒకే కొలత.

ఎంవీపీ కాలనీ బోటనీ టీచరు, జూలై 13

మీరు చెప్పిన దానిలో చాలా విషయం ఉంది. మొక్క నీటిని తాగేది వేరు కొనల దగ్గర ఉండే సన్నని నూగుతో. కడిగేటప్పుడు ఎంత మెల్లగా చేసినా అది చాలావరకు రాలిపోతుంది. మళ్లీ పుట్టే వరకు మొక్క సరిగా తాగలేదు. ఆ రోజుల్లో చుట్టూ పన్నెండంగుళాల తడి మట్టి ఉంటే, ఆ నీరు ఎక్కడికీ పోదు. వేరుకు గాలి అందదు, కుళ్లు మొదలవుతుంది. ముద్దతో దించిన మొక్క మొదటి రోజు నుంచే తాగింది కాబట్టి అంత పెద్ద కుండీని కూడా తట్టుకుంది. మీ మొక్కను కడగడం ఒక్కటే చంపలేదు, కడగడమూ పెద్ద కుండీ కలిసి చంపాయి.

గులకరాళ్ల విషయంలో మనందరికీ చిన్నప్పటి నుంచీ ఒక నమ్మకం ఉంది, అది తప్పు. సన్న మట్టి కింద ముతక రాళ్లు ఉంటే పై మట్టి పూర్తిగా తడిసి నిండే వరకు నీరు రాళ్లలోకి దిగదు. అంటే తడి పొర వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రంలోంచి మట్టి జారకుండా ఒక పెంకు ముక్క అడ్డం పెడితే చాలు.

ఇక తెల్ల ఆకుల సంగతి. తెల్లటి భాగంలో పత్రహరితం దాదాపు ఉండదు, అది ఆహారం తయారు చేయదు. మొక్క మొత్తాన్నీ ఆకుపచ్చ భాగమే పోషించాలి. అందుకే మామూలు మనీప్లాంటు త్వరగా కోలుకునే దెబ్బ నుంచి తేరుకోవడానికి మార్బుల్ క్వీన్‌కు ఎక్కువ రోజులు పడుతుంది. మామూలు మనీప్లాంటును కడిగి నాటాను, ఏమీ కాలేదు అన్న అనుభవం దీనికి వర్తించదు.

నా మాట ఇది. కుండీ బోర్లించి చూడండి. నడుమ గట్టి ముద్ద ఉంటే దాన్ని వదిలేయడమూ ప్రమాదమే, అక్కడ ఎర్రమన్ను గారితో ఏకీభవిస్తాను. కానీ సగమే తీయండి. కుండీ ఎనిమిదంగుళాలు దాటకూడదు.

పెందుర్తి ఎర్రమన్ను, జూలై 13

సగం తీస్తే మిగిలిన సగం మళ్లీ ఎండదా?

ఎంవీపీ కాలనీ బోటనీ టీచరు, జూలై 13

నాలుగు వైపులా నిలువునా చీలికలు పడేలా తీస్తే నీరు లోపలికి దిగుతుంది. మిగతాది వచ్చే ఏడాది తీయవచ్చు. అంచులు మాడడానికి మాత్రం మట్టి ఒక్కటే కారణం కాకపోవచ్చు. సముద్రానికి దగ్గరగా ఉన్న కాలనీల్లో చాలా బోర్లలో ఉప్పు తగులుతుంది. ఆ ఉప్పు కుండీలో పేరుకుంటే ముందు తెల్ల భాగమే మాడుతుంది. ఏ నీళ్లు పోస్తున్నారు?

సీతమ్మధార బాల్కనీ, జూలై 14

బోరు నీళ్లే. కుండీ అంచున తెల్లటి పొర కట్టిన మాట నిజం, సున్నం అనుకుని తుడిచేస్తున్నాను. ఇకపై వాన నీరు పట్టి పోస్తాను. మరొక భయం కూడా ఉంది. కుండీ మారిస్తే ఆకుల్లో తెలుపు పోయి పూర్తిగా ఆకుపచ్చ అయిపోతాయని అంటున్నారు. నిజమేనా?

మురళీనగర్ మేడతోట, జూలై 14

అది కుండీ వల్ల కాదమ్మా, చీకటి వల్ల. మార్చిన మొక్కను పదిలంగా ఉంటుందని హాలు మూలకు నెడతాం, అక్కడ వెలుతురు చాలదు, పచ్చ ఆకులు వేస్తుంది. నీడపట్టున ఉంచండి కానీ వెలుతురు తగ్గనివ్వకండి. ఏదైనా తీగ వరుసగా పచ్చ ఆకులే వేస్తుంటే, కాడ మీద తెల్లని చార కనిపించే కణుపు వరకు వెనక్కి కత్తిరించండి.

కుండీ ముట్టుకునే ముందు ఒక పని తప్పకుండా చేయండి. చారలు బాగా ఉన్న కొమ్మలు మూడు, ఒక్కోదానికి రెండు కణుపులు ఉండేలా తుంచి నీళ్లలో పెట్టండి. కణుపు నీటిలో మునగాలి. ఆకు ఒక్కటే పెడితే వేరు వచ్చినా మొక్క కాదు. పూర్తిగా తెల్లబారిన కొమ్మను తీసుకోవద్దు, అది సొంతంగా బతకలేదు. తల్లికి ఏమైనా అయినా మీ అమ్మాయి ఇచ్చిన మొక్క ఇంట్లో ఉంటుంది. రసం తగిలితే చేతులు దురద పెడతాయి, పిల్లలనూ పిల్లులనూ దూరంగా ఉంచండి.

తీగలను చుట్టలు చుట్టి పాత నూలు చీరలో మూటలా కట్టుకుంటే పనిచేసేటప్పుడు విరగవు. మరో మాట. ఎనిమిదంగుళాల కుండీ తడిస్తే చాలా బరువు, కొక్కెం చూసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా మేడ మీద వేలాడదీసిన కుండీ ఒక్కటీ మిగలలేదు. తుపాను హెచ్చరిక వినగానే కిందికి దించి గోడవారన పెట్టండి.

సీతమ్మధార బాల్కనీ, ఆగస్టు 4

చేసిన పని చెబుతాను. జూలై 15న కొమ్మలు తుంచి నీళ్లలో పెట్టాను. జూలై 16న కుండీ బోర్లించాను. ఎర్రమన్ను గారూ, మీరు కళ్లతో చూసినట్టే చెప్పారు. మూడేళ్ల క్రితం నేను చింపిన నల్ల సంచి ఆకారంలోనే నడుమ ముద్ద ఉంది, వేలు దిగలేదు. వేళ్లన్నీ దాన్ని తప్పించుకుని కుండీ గోడ వెంట చుట్లు తిరిగాయి. అది చూసి కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడేళ్లు నీళ్లు పోశాననుకున్నాను, నడుముకు చుక్క అందలేదు.

బకెట్లో నానబెట్టి, వెదురు పుల్లతో నాలుగు వైపులా చీల్చి సగం తీశాను. ఎర్రమన్ను, కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు సమంగా కలిపి, అందులో రెండు గుప్పిళ్ల బొగ్గు ముక్కలు, గుప్పెడు వేపపిండి వేసి ఎనిమిదంగుళాల కుండీలో నాటాను. వాన జల్లు పడని చోట, తూర్పు వెలుతురులో ఉంచాను. పై రెండంగుళాలు ఆరితేనే నీళ్లు.

మొదటి వారం మూడు ఆకులు పసుపు తిరిగి రాలాయి. తర్వాత ఆగింది. నిన్న ఒక కొత్త ఆకు విచ్చుకుంది, సగం తెలుపు, సగం పచ్చ. నీళ్లలో పెట్టిన కొమ్మల్లో రెండింటికి వేళ్లు వచ్చాయి.

పెందుర్తి ఎర్రమన్ను, ఆగస్టు 4

సంతోషం అమ్మా. మొత్తం కడిగి ఉంటే ఆ మిగిలిన సగం గురించి వచ్చే ఏడాది మళ్లీ బెంగ ఉండేది కాదని ఇప్పటికీ అంటాను.

మురళీనగర్ మేడతోట, ఆగస్టు 4

మూడు వారాలకే తీర్పు చెప్పకండి. అక్టోబరు ముసురు ఇంకా ముందుంది. అప్పుడు వారం రోజులు మట్టి ఆరకపోతే మొదలు దగ్గర కాడను రోజూ తాకి చూస్తూ ఉండండి. ఏ మాత్రం మెత్తగా అనిపించినా ఆ రోజే రాయండి. వేళ్లు వచ్చిన రెండు కొమ్మలనూ ఒకే కుండీలో పెట్టవద్దు, ఒకటి మీ అమ్మాయి ఉండే చోటికి పంపండి.