యాషికా మ్యాట్ 124జీ: లెన్స్‌లో బూజు, 1 సెకను దగ్గర షట్టర్ ఆగిపోతోంది

ప్రశ్న (నల్లగొండ)
అన్నలూ, మూతపడ్డ స్టూడియో సామాన్లలో ఈ కెమెరా దొరికింది, పైనొకటి కిందొకటి రెండు లెన్సులుండే ఫిల్మ్ కెమెరా. కింది లెన్స్ లోపల సాలెగూడు లాంటి బూజు ఉంది. షట్టర్ 1/60 నుంచి పై స్పీడులు బాగానే పడుతున్నాయి, 1 సెకను, 1/2 దగ్గర తెరుచుకుని ఉండిపోతోంది. వెలుతురు కొలిచే మీటరు సూది కదలదు. లెన్స్ విప్పితే ఫోకస్ పోతుందా? ఇది ఏ కాలం నాటిది?

జవాబు (మహబూబ్‌నగర్)
పోదు తమ్మీ. ఇందులో నాబ్ తిప్పితే లెన్స్ బోర్డు మొత్తం కదులుతుంది. ముందు గాజు తిప్పి ఫోకస్ చేసే మడత కెమెరాల లెక్క కాదు. అందుకే ముందు భాగం విప్పినా, మళ్లీ చివరిదాకా బిగిస్తే చాలు. గుండ్రటి రబ్బరు ఆనించి ఎడమకు తిప్పు, ప్లయర్ మాత్రం పెట్టకు.

ముందుగా బూజు ఏ గాజు మీదుందో చూడు: వెనక తలుపు తెరిచి, అపర్చర్ 3.5 (పూర్తిగా తెరిచి) పెట్టి, షట్టర్‌ను బీ (నొక్కినంతసేపు తెరిచి ఉండే స్పీడు) మీద నొక్కిపట్టి టార్చి వెయ్యి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, అమోనియా సమపాళ్లలో అప్పటికప్పుడు కలుపుకో. మందుల షాపులో 6 శాతమే ఇస్తే దానికి అంతే నీళ్లు చేర్చు. గ్లవ్స్ వేసుకో, కిటికీలు తెరువు, మిగిలింది సీసాలో మూతపెట్టి దాచకు, గ్యాస్ పుడుతుంది. దూది తడిపి తుడిచి, ఆఖర్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి. తర్వాత కూడా గీతల మచ్చ కనిపిస్తే బూజు ఆమ్లం కోటింగ్‌ను తినేసినట్టు. అది పోదు, రుద్దకు. ఎదురు వెలుతురులో కాంట్రాస్ట్ కాస్త తగ్గుతుంది, అంతే.

జవాబు (మిర్యాలగూడ)
షట్టర్ సంగతి. తక్కువ స్పీడులను నడిపే పళ్ల చక్రాల్లో గ్రీజు గట్టిపడింది, తెరుచుకుని మూసుకునే షట్టర్ రేకులది కాదు తప్పు. ఒక్కో తక్కువ స్పీడు మీద 40, 50 సార్లు ఫిల్మ్ లేకుండా ఖాళీగా కొట్టి చూడండి, కొన్ని దానితోనే తేరుకుంటాయి. లేదంటే ముందు కవరు తీసి ఆ చక్రాల మీద లైటర్ ఫ్లూయిడ్ ఒక్క చుక్క. బయటి నుంచి పోస్తే కరిగిన మడ్డి రేకుల మధ్యకు, గాజు మీదకు చేరుతుంది. పెట్రోలు, తుప్పు వదిలించే స్ప్రేలు వద్దే వద్దు. సెల్ఫ్ టైమర్ జోలికి పోకండి, ఆ చక్రాలూ గట్టిపడి ఉంటాయి.

సరిచూడటానికి ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ చాలు: 1/30 దగ్గర రేకులు 8 ఫ్రేముల పాటు తెరిచి ఉండాలి.

జవాబు (సూర్యాపేట)
124జీ 1970 నుంచి 1986 దాకా వచ్చింది. జీ అంటే గోల్డ్, మీటరు కాంటాక్టులకు బంగారు పూత. అది 1.35 వోల్టుల పీఎక్స్ 625 పాదరసం సెల్‌కు కట్టిన మీటరు. ఇప్పటి 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే వెలుతురు ఎక్కువుందని చూపిస్తుంది, ఫొటో చీకటిగా వస్తుంది. వినికిడి యంత్రాల 675 జింక్ ఎయిర్ సెల్ వేసి, చుట్టూ రబ్బరు రింగు పెట్టండి. సెల్ గది పచ్చబడి ఉంటే వెనిగర్‌తో తుడవాలి.

తోలు కేసులో మాత్రం మళ్లీ పెట్టకండి. వానాకాలం తేమంతా అది పట్టి ఉంచుతుంది.